చౌడు తాకిన తెల్లచీర

"నాయినమ్మా, గీ పసుపు కాయితం చూడు. నిమ్మరసం వేస్తే ఏం కాలె, సబ్బునీళ్లు వేస్తే ఎర్రగైంది. రేపు బడిల అందరి ముంగట చేసి చూపియ్యాలె. ఇట్లైతదని నీకు తెల్సా?"

తెల్సా అని నన్ను అడుగుతున్నవా స్నేహా? గా ఎరుపుతోనే నా లగ్గం ఆగిపోతుండె. ఆగిపోతే మీ నాయిన లేడు, నువ్వు లేవు, గీ కాయితం లేదు. ఏంది, ఫోన్ల రికార్డు పెడ్తున్నవా? పెట్టుకో. నా గొంతు బొంగురు వోయింది, మల్ల నన్ననకు.

ముందుగాల నీ పాఠం చెప్పు. ఆమ్లం, క్షారం, ఇంకోటేంది... లవణం. ఇన్ని పేర్లెందుకే? ఆమ్లం అంటే పులుపు అను, అయిపాయె. చింతపండు, నిమ్మకాయ, పులిసిన మజ్జిగ. క్షారం అంటే సున్నం, చౌడు, పొయ్యిల బూడిద, గిసుంటియి. చేతులకు జారుతది, జిగట జిగట ఉంటది. నాలిక్కి పెడ్తే చేదు, మంట. మేము నాలిక్కి పెట్టి చూసేటోళ్లం, నువ్వు చూడకు. గా బాత్‌రూమ్ కడిగే యాసిడ్ ఉన్నది చూడు, అది గూడ నీ పుస్తకంల ఉన్నదేనా? ఉంటది. దాని దిక్కు పోకు.

చౌడు అంటే నీకు తెల్వది గదా. వాగొడ్డుకు మన్ను మీద తెల్లగ పేరుతది. పొద్దుగాల పోయి చిప్పతోని గోకి తెచ్చుకునేది. నీళ్లల్ల నానవెట్టి, మన్ను అడుక్కు పోయినంక పైన తేరిన నీళ్లు వంచుకోని, గా నీళ్లల్ల బట్టలు ఉడకవెట్టేది. జిడ్డు, మురికి అంత ఇడిసిపెడ్తది. సబ్బు ఎక్కడిదే అప్పుడు? సబ్బు బిళ్ల పావుల ఉండె. కాదు, పావుల కాదు, ఇంక తక్కువనే ఉండెనేమో, నాకు మంచిగ యాదికి లేదు. గని పావుల పెట్టి సబ్బు కొంటే మా నాయిన ఇంట్లకు రానిస్తుండెనా? చౌడుకు పైసలు లేవు, అందుకే చౌడు.

మా తల్లిగారి ఊరు కల్హేర్ దిక్కు. మా అమ్మ పేరు సాలమ్మ. నువ్వు చూడలె, మీ నాయిన చిన్నగున్నప్పుడే పోయింది. పొట్టిగ, నల్లగ ఉంటుండె, నోరు మంచిది కాదు. గని ఆదివారం ఆదివారం గుడి, అంటే మన చర్చి, ఊడ్చేది మా అమ్మనే. ఎవలు చెప్పలె, ఎవలు పైసలియ్యలె. దేవుని ఇల్లు నేను ఊడుస్త అని ఆమెకామె పెట్టుకున్న పని అది. మూలలకు పోయి పోయి ఊడుస్తుండె, కింద కూసునే గొంగళ్లు ఎత్తి దులుపుతుండె.

మనోళ్ల పెండ్లిల పిల్ల తెల్లచీర కట్టాలె, అది నీకెర్కనే. ఇప్పుడంటే హైదరాబాద్ పోయి మెరుపులు కుట్టిన చీరలు తెచ్చుకుంటున్నరు. అప్పుడు తెల్లచీర కొని ఏం చేస్తవు? పెండ్లైన తెల్లారి జొన్న చేన్ల కలుపుకు కట్టుకోని పోతవా? అందుకని మా వాడకంత ఒక్కటే చీర. సన్నటి నూలు చీర, ఇంతంత ఎండి రంగు అంచు. పాదిరమ్మ, అంటే మా పాదిరయ్య పెండ్లాం, దాన్ని తన పెట్టెల డాంబరు గోలీలు వేసి దాస్తుండె. ఎవలింట్ల లగ్గమైతే వాళ్లకు ముందటి దినం ఇచ్చేది. పెండ్లి అయినంక పిండి, ఆరేసి, మడత పెట్టి మల్ల ఆమెకే ఇయ్యాలె. మా పెద్దమ్మ బిడ్డలు కట్టింది అదే, మా మరదండ్లు కట్టింది అదే. నాకంటే లావుటోళ్లు గూడ దాంట్లనే పట్టిండ్రు. నాకైతే రెండు సుట్లు సుట్టినా ఇంక మిగిలేది, అంత సన్నగుంటి. గా సన్నదనం సంగతి యాదికి పెట్టుకో, దానితోనే పరేషాన్ వచ్చింది.

ఇంకొక సంగతి. పెండ్లికి పసుపు రాయొద్దని సంఘపు పెద్దలు కట్టడి చేసిండ్రు. నలుగు పెట్టొద్దు, పసుపు ముట్టొద్దు, అది పాత పద్ధతి అని. కూరల వేసుకోవచ్చు, ఒంటికి రాయొద్దు. ఇప్పుడు అందరు రాస్తున్నరు, హల్దీ ఫంక్షన్ అని పచ్చ బట్టలేసి డీజే పెడ్తున్నరు, పాదిరయ్యలే వచ్చి భోజనం చేసి పోతున్నరు. అప్పుడట్ల కాదు. పసుపు రాసినట్టు తెలిస్తే ఇంటోళ్లను కొన్నాళ్లు గుడిలకు రానియ్యరు.

మా అమ్మ అన్నీ ఇన్నది, గిదొక్కటి ఇనలె. పసుపు తాకని పిల్ల పెండ్లి పిల్లనా, పీనుగనా అన్నది. నోరు మంచిది కాదని చెప్పిన గదా. పెండ్లి ముందటి దినం పొద్దుగాల దర్వాజ పెట్టి, గడియ వేసి, నూనెల పసుపు కలిపి నాకు రాసింది. మెడకు, చేతులకు, కాళ్లకు. రాసుకుంట ఏడ్చింది. వేడినీళ్లతోని తానం పోసింది గని నూనెల కలిసిన పసుపు ఒక్క తానానికి పోతదా? అంతల పాదిరమ్మ చీర ఇచ్చి పోయింది. పొడుగు చాలుతదా, ఎన్ని కుచ్చిళ్లు వస్తయి చూద్దామని మా అమ్మ నాకు కట్టి చూసింది. అగో, ఆడ అంటింది. మెడ కాడ, భుజం మీదికెళ్లి రొమ్ము దాక, లేత పసుపు.

ఊకె ఎండల ఆరేస్తే అయిపోతుండె. పసుపు ఎండకు ఆగదు, ఎగిరిపోతది. గని మా అమ్మకు భయం. పాదిరమ్మ చూస్తదని భయం. చీర సంకల పెట్టుకోని వాగుకు ఉరికింది, గురిగిల చౌడు నీళ్లు పట్టుకోని. నన్ను గూడ రమ్మన్నది. మరక మీద చౌడు నీళ్లు పోసి రుద్దింది. లేత పసుపు ఉన్నది కాస్త ఎర్రగైంది. నీ కాయితం లెక్కనే. భయపడి ఇంక చౌడు పోసింది. పోసినకొద్ది ఎరుపే.

నువ్వంటవు, పసుపు సున్నం కలిస్తే ఎర్రగైతదని అందరికీ తెల్సు గదా అని. తెల్సు. దిష్టి తీసే ఎర్రనీళ్లు అవే గదా. గని మాకున్న ఎర్క ఏందంటే, సున్నం వల్ల ఎర్రగైతది అని. చౌడుకు, సున్నానికి, సబ్బుకు, మూడింటికి ఒకటే గుణం అని మాకు ఎవలు చెప్పిండ్రు? వాగుల చీరకు సున్నం ఎక్కడిది? అందుకే మా అమ్మ దేవుడు కోపగించిండు అనుకున్నది.

మంచిగ జాడిచ్చి ఉంటే, నీళ్లకే చౌడు పోయి ఎరుపు తగ్గుతుండె కావొచ్చు. గని అప్పుడే పిల్లగానోళ్లు దిగిండ్రు. మీ తాతోళ్లు మనూర్ దిక్కు గదా, బండ్లు కట్టుకోని పెండ్లికి ముందటి దినమే వచ్చిండ్రు. వాళ్ల ఆడోళ్లు నీళ్లకు వాగుకు వస్తుంటే మా అమ్మ చూసింది. చీర పిండలె, జాడియ్యలె, అట్లనే సుట్ట సుట్టుకోని ఇంటికొచ్చి వెనుక కంప మీద ఏసింది. కంప మీద ఏస్తే ఎవలకు కనవడదు? మా అమ్మ తెలివి గట్లుంటది.

మీ తాత మేనత్త చూసింది. ఆమె కండ్లు మస్తు దూరం పోతయి, తన ఇంట్ల సంగతి తప్ప. వచ్చి చీర పట్టుకోని చూసి, గీ రక్తమేంది అన్నది. మా అమ్మ ఏం చెప్తది? పసుపు అని చెప్తే పాదిరయ్య చెవుల పడ్తది. చెప్పకపోతే రక్తం. ఏం లేదు, ఏం లేదు అన్నది. ఏం లేదు అంటే ఏమో ఉన్నట్టే గదా.

మా మేనమామ ఒకాయన టీబీతోని పోయిండు, అంతకు ముందటేడు. దగ్గి దగ్గి రక్తం కక్కి పోయిండు. గా సంగతి వాళ్లకు తెల్సు. పిల్లేమో కట్టె లెక్క ఉన్నది, రొమ్ము మీద రక్తం. ఇంకేం గావాలె? పిల్లకు గూడ టీబీ ఉన్నది, దాచి మనకు అంటగడుతున్నరు అని మేనత్త పోయి వాళ్లోళ్లందరికి చెప్పింది. వాపస్ పోనీకి బండ్లు కట్టుడు సురువైంది. మా నాయిన అరుగు మీద కూసోని బీడీ మీద బీడీ తాగుతుండు. నేను ఇంట్ల మూలకు కూసున్న. నాకు దగ్గు రావద్దు దేవుడా అని మొక్కిన. అట్ల అనుకుంటుంటే దగ్గే వచ్చింది, ఏం చేస్తవు? లగ్గం పోతే పోనీ. గని టీబీ పిల్ల అని పేరు వడ్డంక మల్ల ఎవడు చేసుకుంటడు? కూలికి గూడ పిలువరు, బావి కాడ చేంతాడు ముట్టనియ్యరు. మా మేనమామ పెండ్లాం పడ్డది నేను చూసిన.

అప్పుడొచ్చింది మా అత్త. మీ తాత తల్లి, మార్తమ్మ. ఒక్కతే వచ్చింది, చేతుల సీసా పట్టుకోని. గా సీసల ఏమున్నదంటే, శెనిగ పులుపు.

ఆగు, అది చెప్పాలె నీకు. నీ పుస్తకంల ఉండదు. శెనిగ చెట్టు ఆకు మీద సన్నగ పులుపు ఊరుతది. చలికాలం పూత మీద ఉన్నప్పుడు చేన్ల నడిస్తే కాళ్లు సుర్రుమంటయి. పలిగిన మడిమలున్నోళ్లకైతే సస్తే మంట. మనూర్ దిక్కు నల్లరేగడిల అంత శెనిగనే గదా. మా అత్తోళ్లు పొద్దుగూకే యాళ్లకు పల్చటి బట్ట చేను మీద పరిచి వచ్చేటోళ్లు. తెల్లారేసరికి మంచు పడి, ఆకు మీది పులుపు మంచుల కలిసి బట్టకు పట్టేది. పొద్దు ఎక్కకముందే పోయి బట్ట పిండి సీసలకు పట్టేది. కడుపు నొస్తే, తిన్నది అరగకపోతే ఇన్ని నీళ్లల్ల ఇన్ని సుక్కలు. ఆమెది కన్నడ దిక్కు, దాన్ని హుళి అంటుండె. ఇత్తడి చెంబుల పోయొద్దు దాన్ని. మా అత్త ఒకసారి పోసిందట, తెల్లారేసరికి చెంబు లోపట పచ్చగ చిలుం. ఖేడ్‌ల గిన్నెలకు లోపట తగరపు కలాయి పోసే మహబూబ్ చాచా చూసి, క్యా అమ్మా, ఖట్టా డాలే క్యా ఇస్మే, దీంట్ల పులుపు పోసినవా, ఇది తింటే దవాఖానకే పోతరు అని తిట్టిండట. కలాయి ఉన్న గిన్నెకు ఏం గాదు, కలాయి పోతేనే పులుపు ఇత్తడిని తింటది. అప్పటికెళ్లి గాజు సీసనే.

ఆఁ, ఎక్కడున్న? మా అత్త వచ్చింది. పెండ్లిల మాంసం తిన్నోళ్లకు కడుపునొప్పి లేస్తదని సీస తెచ్చిందట, అదే పట్టుకోని వచ్చింది. నన్నేం అడుగలె. చీర ఏది అన్నది. మా అమ్మ తెచ్చి ముంగటేసింది. మా అత్త మరకను రెండు వేళ్ల నడుమ పట్టి రాసి చూసింది. జిగట తాకింది. చౌడు పెట్టినవా అన్నది. మా అమ్మ తలకాయ ఊపింది. పసుపా అన్నది. మా అమ్మ ఊపలె.

మా అత్త సీస మూత తీసి, మరక మూలకు రెండు మూడు సుక్కలు వేసింది. సన్నగ బుడగలొచ్చినయి, బుస్సుమని. బుడగలు పోయినంక చూస్తే ఆడ ఎరుపు లేదు, పసుపుపచ్చ. నా కండ్లతోని చూసిన. నా చీరలకు ఎన్నిసార్లు అయిందో అన్నది మా అత్త. పసుపు చెయ్యి తుడుసుకుంటం, సబ్బు తాకితే ఎర్రగైతది, హుళి తాకితే తిరిగొస్తది. రక్తమైతే పసుపు రంగుకు తిరిగి రాదు గదా అన్నది.

ఏమంటున్నవు? గా బుడగలు గాలా? కార్బన్... సరే, అది నువ్వే చెప్పు రేపు. పులుపు, చౌడు కలిస్తే రెండింటి తేజీ పోయి ఉప్పు మిగుల్తదా? మనం తినే ఉప్పేనా? కాదా, ఇంకో రకమా. లవణాలంటే ఒక్క ఉప్పు కాదన్నమాట, ఉప్పు జాతి. ఇది మంచిగున్నది. గది మాకు తెల్వలె. మరక తిరిగొచ్చింది చూసినం గని, నీళ్లల్ల ఏం కలిసి పోయిందో ఎవలు చూసిండ్రు?

మా అత్త లేసి, నాకు తెల్సింది సాలు, మీరెవలకు చెప్పకుండ్రి, రక్తం కాదని నేను చెప్పుకుంట అన్నది. మంచి మాటనే. గని మేనత్త ఊకుంటదా? రక్తం కాకుంటే మరి ఏంది, చూపెట్టుండ్రి అని అప్పటికే అందర్ని పాదిరయ్య ఇంటి అరుగు కాడికి జమ చేసింది. వాళ్లోళ్లు, మావోళ్లు, సంఘపు పెద్దలు, అందరు ఆడనే.

మా అమ్మ చూపెడితే తను గుడికి దూరమైతది. చూపెట్టకపోతే నాకు పేరు వడ్తది. ఆమె లేసింది, మా అత్త చేతులకెళ్లి సీస గుంజుకున్నది, చీర తీసుకున్నది. కొంగు బిగిచ్చి నడిసింది. మా నాయిన ఏడికే అంటే గూడ ఆగలె. నేను ఎనకనే పోయిన. పెండ్లి పిల్ల బయటికి రావద్దని ఎవలో అన్నరు గని, నన్ను పట్టుకునే తీరిక ఎవలకుండె అప్పుడు.

అరుగు కాడ అందరి ముంగట చీర పరిచింది. పాదిరయ్య కుర్చీల ఉన్నడు. మేనత్త దిక్కు చూసి, కండ్లు మంచిగ పెట్టుకోని చూడు అన్నది. సీసల ఉన్న పులుపు మరక పొడుగూత పోసింది. ఎరుపంత బుస్సుమని పసుపైంది. పసుపే, నా బిడ్డకు నేనే పెట్టిన అన్నది. దర్వాజ పెట్టి పెట్టిన. దానికి రోగం లేదు. తప్పుంటే నాది, దానికి సంబంధం లేదు.

నేను అంతమందిల మా అమ్మను అట్ల ఎన్నడు చూడలె. పొట్టి మనిషి, ఆ దినం నాకు పొడుగ్గ కనవడ్డది. ఆమె అంటే నాకు ఎంత పాణమో అప్పుడు తెల్సింది, అంతకు ముందు రోజూ కొట్లాటనే మా ఇద్దరికి.

సంఘపు పెద్ద ఒకాయన, కట్టడి అందరికీ ఒక్కటే అన్నడు. పాదిరయ్య పెండ్లి ఆపను, పిల్ల తప్పు లేదు అన్నడు. సాలమ్మ మాత్రం ఈస్టరు దాక గుడి గడప దాటొద్దు అన్నడు. ఆయన చెడ్డోడు కాదు, మల్ల నువ్వట్ల అనుకోకు. నాకు జరమొస్తే సైకిల్ మీద కూసోవెట్టుకోని ఖేడ్ దవాఖానకు తోల్కపోయిండు ఒకసారి. కట్టడి ఆయనొక్కడు చేసింది కాదు. గని నాకు కోపమే. ఇప్పటికి గూడ కోపమే. రేపు బిడ్డ పెండ్లి, తల్లి గుడిల లేకుంట ఎట్ల? మా అమ్మ సరే అయ్యా అన్నది, సీస మూత పెట్టింది, చీర తీసుకోని వచ్చింది. మేనత్త తెల్లారి పెండ్లి కూర మంచిగైందని మాత్రం అన్నది.

నేను, మా అత్త చీర జాడిచ్చినం. పులుపు ఉంచొద్దు, నూలు చివికిపోతదని చెప్పింది ఆమె. ఉత్తనీళ్లల్ల తీసి తీసి, ఆ సాయంత్రం ఎండకు, తెల్లారి ఎండకు ఆరేసినం. మొత్తం పోలె గని, దగ్గరికొచ్చి చూస్తే తప్ప కనవడకుంటైంది. పాదిరమ్మ చూసింది, చూసి కుచ్చిళ్లు సర్దింది.

ఇగ గుడిల. గొంగళ్లు పరిచిండ్రు, మొగోళ్లు ఒక దిక్కు, ఆడోళ్లు ఒక దిక్కు. నేను, మీ తాత ముంగట మోకాళ్ల మీద ఉన్నం. మా అత్త పిల్లగాని తల్లి గదా, ముందటి వరుసల నడుమ కూసోవెట్టిండ్రు. మా అమ్మ దర్వాజ బయట నిలవడ్డది. గడపకు ఇవతల కాలు పెట్టలె. ఎండ మొఖం మీద కొడ్తుంది. పెండ్లి పిల్ల ఎనకకు తిరుగొద్దంటరు. నేను తిరిగి చూసిన, ఎందుకు చూడొద్దు?

పాదిరయ్య పుస్తకం తెరిచి సదువుడు సురువు చేసిండు. అప్పుడు మా అత్త లేసింది. లేసి గొంగళ్ల నడుమకెళ్లి నడిసింది. మేనత్త కొంగు పట్టి గుంజింది, ఇడిపిచ్చుకున్నది. గడప దాటి పోయి, మా అమ్మ పక్కపొంటి ఎండల నిలవడ్డది. కొడుకు పెండ్లి బిడ్డా. ఉన్నది ఒక్కడే కొడుకు.

పాదిరయ్య సదువుడు ఆపిండు. మార్తమ్మా, లోపటికి రా, నీ జాగ ఈడ అన్నడు. కానియ్ అయ్యా, మాకు ఈడికెళ్లి మంచిగనే కనవడ్తుంది అన్నది మా అత్త. ఆయన మల్ల సదివిండు.

నీకు మార్కులు మంచిగ రావాలె, సదువు మంచిగ కావాలె, అవి ఎట్లైన వస్తయి తియ్, నువ్వు తెలివిగల్ల పిల్లవు. నేను దీవించేది ఏందంటే, నీకు కష్టమొచ్చి గడప అవతల నిలవడ్డ నాడు, లోపట తన జాగ ఇడిసి లేసొచ్చి నీ పక్కకు నిలవడే మనిషి ఒక్కరన్న ఉండాలె నీకు, స్నేహా. ఎవలన్న బయట నిలవడ్డ నాడు నువ్వు గూడ లేవాలె...